ఇంటి లెక్కల్లో ఎక్స్‌పైరీ తేదీలు

జనవరి 5, ఆదివారం

కొత్త ఏడాది మొదలై ఐదు రోజులైంది. డైరీ కొని నాలుగు రోజులైంది. మంచి పెన్ను మాత్రం ఇవాళే దొరికింది, అదీ బాసిత్ చొక్కా జేబులో.

ఈ డైరీకి తాళం అక్కర్లేదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయనది హైదరాబాద్ పాతబస్తీ, తెలుగు అక్షరం ముక్క రాదు. నేను రాసుకుంటుంటే భుజం మీదుగా తొంగి చూసి, "క్యా లిఖ్‌రైఁ? మేరీ బురాయిచ్ నా?" అన్నాడు. నీ మీద చెడ్డ రాయడానికి ఒక్క డైరీ ఎక్కడ సరిపోతుందన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి చాయ్ పెట్టుకొచ్చాడు. పెళ్ళై పందొమ్మిదేళ్ళు, ఇప్పటికీ చాయ్ బాగా పెడతాడు.

ఈ టర్మ్ నుంచి ఇక్కడ ఖతర్‌లో మా యూనివర్సిటీలో నగదు బంద్. ఏ ఫీజైనా ఆన్‌లైన్లోనే. కౌంటర్లో నా పని ఇప్పుడు డబ్బు తీసుకోవడం కాదు, కట్టడం చేతకానివాళ్ళకు దారి చూపించడం. కాలేజీ పిల్లలకు నాతో పనేముంది, నడుస్తూ నడుస్తూ కట్టేస్తారు. నా దగ్గరికి వచ్చేది శుక్రవారం సెలవునాడు నడిచే కోర్సుల వాళ్ళు. ఇంటి డ్రైవర్లు, వంటవాళ్ళు, సెక్యూరిటీ గార్డులు. అందులో మన తెలుగువాళ్ళు పదకొండు మంది. వెబ్‌సైట్ అరబ్బీలో ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగుకు నేను ఉన్నాను.

దారి చూపించడమంటే మనిషికి అరగంట. అందుకే నా పద్ధతి నేను పెట్టుకున్నాను. పదకొండు మంది కార్డు నంబర్లూ, ఎక్స్‌పైరీ తేదీలూ, వెనకుండే మూడంకెలతో సహా, పచ్చ అట్ట నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరి గడువు వస్తే వాళ్ళ ఫీజు నేనే కట్టేస్తాను. బ్యాంకు నుంచి వాళ్ళ ఫోనుకు ఓటీపీ రాగానే వాట్సాప్‌లో మా ఫీజుల గ్రూపులో పెడతారు, నేను కొట్టేస్తాను. మూడు నిమిషాల్లో పని ఖతం.

భద్రత సంగతి నాకు తెలియక కాదు. నోటుబుక్కులో అంకెలన్నీ తెలుగు అంకెలే. ౧, ౨, ౩. మా నాన్నను అబ్బా అంటాం. కోరుట్లలో లేడీస్ టైలర్. ఆడవాళ్ళ కొలతలన్నీ తెలుగు అంకెల్లో రాసుకునేవాడు, షాపులో ఊరికే కూర్చునేవాళ్ళకు ఎవరి నడుం ఎంతో తెలియకూడదని. నలభై ఏళ్ళ షాపులో ఒక్క తగాదా రాలేదు. ఇప్పుడు తెలుగువాళ్ళకే ఆ అంకెలు రావు, మా ఆఫీసులో ఈజిప్టు వాళ్ళకూ ఫిలిప్పీన్స్ వాళ్ళకూ వస్తాయా? నా దగ్గర ఉంటే బ్యాంకు లాకర్లో ఉన్నట్టే.

జనవరి 8, బుధవారం

ఆన్‌లైన్ చెల్లింపుల్లో జాగ్రత్తలంటూ ఆఫీసు వాళ్ళు పోస్టర్లు వేస్తున్నారు. తెలుగుది నన్నే రాయమన్నారు. మేనేజరు మేడమ్ ఇంగ్లీషులో ఇచ్చింది, నేను తెలుగు చేశాను.

"మీ కార్డు వివరాలు, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. యూనివర్సిటీ ఉద్యోగులు అడిగినా చెప్పకండి."

రెండో వాక్యం కొంచెం ఎక్కువైందేమో అన్నాను. ఉండాల్సిందే అంది మేడమ్. సరే, ఉండనీ. అది నా గురించి కాదని మనవాళ్ళకు తెలుసు. తెచ్చి సరిగ్గా నా కుర్చీ వెనకే అతికించారు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

జనవరి 10, శుక్రవారం

ఇవాళ ఖాసింబీ జొన్నరొట్టె తెచ్చింది, పైన పల్లీల పొడి. కౌంటర్ వెనక నిలబడే తినేశాను.

ఖాసింబీది కదిరి దగ్గర పల్లె. అల్ సద్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. ముసలివాళ్ళను చూసుకునే కోర్సులో చేరింది, ప్రతి శుక్రవారం సెలవు అందులోనే పోతుంది. పాసైతే క్లినిక్‌లో ఉద్యోగం అడగొచ్చు. ఊళ్ళో తన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "పాసైనాక సెప్తాక్కా. ఇప్పుడు సెప్తే, ఈ వయసులో నీకెందుకు సదువు అంటారు" అంటుంది. ముప్పై ఆరేళ్ళు ఒక వయసా!

మొదటి కంతు నేనే కట్టాను. రెండోది ఆరు వందల రియాళ్ళు, ముప్పయ్యో తారీఖు లోపల కట్టాలి. కట్టకపోతే సీటు పోతుంది, మళ్ళీ సెప్టెంబరు దాకా చేర్చుకోరు. ఆ డబ్బు కోసం మూడు నెలలుగా కొత్త చెప్పులు కూడా కొనలేదు. పోతూ పోతూ, "మతికి పెట్టుకో అక్కా" అంది.

"ఏం ఫికర్ జెయ్యకు, నేను జూస్కుంట" అన్నాను.

ఈ మాట అనేటప్పుడు నాకు ఎంత హాయిగా ఉంటుందో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇక్కడ రాసుకోవచ్చు.

జనవరి 13, సోమవారం

సాయంత్రం మేముండే వక్రా రేవులో షేరీ చేప దొరికింది. పులుసు పెట్టాను. బాసిత్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఇంకేమీ రాయనక్కర్లేదు.

జనవరి 20, సోమవారం

ఇవాళ మధ్యాహ్నం ఒక్క ఊపులో ఐదుగురి ఫీజులు కట్టేశాను. గ్రూపులో ఓటీపీలు టకటకా పడుతున్నాయి, నేను టకటకా కొడుతున్నాను. ఓబులయ్యది ఒక్కటే ఆలస్యం చేసింది. కడప నుంచి వచ్చిన ఇంటి డ్రైవరు, ఇంగ్లీషు క్లాసులో చేరాడు. ఫోన్ చేస్తే, "బండి తోల్తాండా పర్వీనమ్మా, ఫోన్ సూడలేను" అన్నాడు. ఇంతలో గ్రూపులో నంబరు పడింది, కొట్టాను, పోయింది. ఆరు వందలు, పచ్చ టిక్కు.

మేడమ్ దాటిపోతూ "చాలా చురుగ్గా ఉన్నావు పర్వీన్" అంది. ఉన్నాను మరి.

జనవరి 24, శుక్రవారం

ఖాసింబీ డబ్బు పోయింది.

క్లాసుకు రాగానే, రెండో కంతు ఇంకా కట్టలేదని చీటీ ఇచ్చారట. పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "కట్టినావు కదక్కా?" అంది. లేదు, నీది ఇంకా పట్టుకోలేదన్నాను. ఇద్దరం క్యాంపస్ ఏటీఎంకు వెళ్ళాం. ఆరు వందల రియాళ్ళు లేవు. మిగిలింది ముప్పై ఎనిమిది.

"యాడికి పోయినాయక్కా? నేను యెవురికీ ఇయ్యలా. బ్యాంకు నుంచి ఏ నంబరొచ్చినా గ్రూపులో పెడతా, అంతే."

దొంగ ఎవరో ఆమె కార్డు వాడాడు. ఓటీపీ వస్తే, అమాయకురాలు, అలవాటు కొద్దీ గ్రూపులో పెట్టింది. దొంగ అక్కడే చూసి కొట్టేశాడు. నా బుర్రకు ఇలాగే తోచింది, ఇదే పైకి అన్నాను. అంటే గ్రూపులో ఉన్నవాళ్ళే అయ్యుండాలి కదా అని కూడా అన్నాను. నీ కార్డు ముట్టుకునే వీలు ఎవరికుందని అడిగాను.

ఖాసింబీ చేతిలో చీటీని చిన్నగా మడతపెట్టింది. తర్వాత, "రెహానా" అంది.

రెహానా అదే ఇంట్లో పిల్లల్ని చూసుకునే అమ్మాయి. ఇద్దరిదీ ఒకే గది. ఆ అమ్మాయి కూడా శుక్రవారం కోర్సుకు వస్తుంది, మా గ్రూపులో ఉంది.

నేను అవుననలేదు, కాదనలేదు.

గ్రూపు పైకి జరిపి సోమవారం మెసేజీలు చూడొచ్చు. కానీ ఇప్పుడు చూసి ఏం చేస్తాను? దొంగ పేరు అందులో రాసి పెడతాడా?

జనవరి 26, ఆదివారం

పొద్దున్నే ఐటీ సెక్యూరిటీ సెక్షనుకు వెళ్ళాను. అక్కడ శ్రీరామమూర్తి గారని రాజమండ్రి ఆయన. యాభై దాటుంటాయి, నెమ్మదైన మనిషి. మీ వెబ్‌సైట్లో ఎక్కడో కన్నం ఉందని గట్టిగానే చెప్పాను. ఆయన అంతా రాసుకున్నారు. "ఆవిడ కార్డు వివరాలు ఇంకెవరికైనా తెలుసాండీ?" అని అడిగారు.

"ఎవ్వరికీ తెల్వదు సార్."

ఆ మాట అబద్ధమని మెట్రోలో కూర్చున్నాక తట్టింది. అబద్ధం కూడా కాదు. నన్ను నేను ఎవరిలోనూ లెక్కపెట్టుకోలేదు, అంతే.

జనవరి 27, సోమవారం

పదకొండింటికి శ్రీరామమూర్తి గారు కౌంటర్‌కు వచ్చారు. చేతిలో ఒక కాగితం. నా కుర్చీ వెనక పోస్టర్ చదివారు. "మీరే రాశారా? బాగుంది" అన్నారు. తర్వాత ఆయన చూపు టేబుల్ మీద పచ్చ నోటుబుక్కు మీద పడింది. తెరిచే ఉంది.

"ఇదేంటండీ?"

"ఇంటి లెక్కలు సార్."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూశారు. వేలు పెట్టకుండా పెదవులతో చదువుకున్నారు.

"ఇంటి లెక్కల్లో ఎక్స్‌పైరీ తేదీలు ఉంటాయా అమ్మా?"

ఆయనకు ఆ అంకెలు వచ్చు! వాళ్ళ నాన్నగారు పురోహితులట. ఇంట్లో పాత పంచాంగాలన్నీ ఆ అంకెల్లోనే ఉండేవట, చిన్నప్పుడే వచ్చేశాయట. ఖతర్‌లో లక్షల మంది ఉంటే, ఆ అంకెలు చదవగలిగే మనిషికే నేను వెళ్ళి ఫిర్యాదు చేశాను.

ఆయన కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. కాగితం నా ముందు పెట్టారు. ఇరవయ్యో తారీఖు చెల్లింపుల జాబితా. ఓబులయ్య ఫీజు ఎదురుగా కార్డు చివరి నాలుగంకెలు. "మీ పుస్తకంలో ఓబులయ్య కార్డు చివర ఏముందో చదవండి" అన్నారు. చదివాను. అవి కావు. "పై వరుస చదవండి."

పై వరుస ఖాసింబీది.

నేనే. ఒక వరుస పైకి చూసి కొట్టాను. గ్రూపులో పడిన ఓటీపీ ఓబులయ్యదే అనుకున్నాను, పెట్టింది ఎవరో చూడలేదు. ఖాసింబీ దేనికని అడగలేదు. అక్క కడుతోంది కదా అనుకుని పెట్టింది. ఏ దొంగా రాలేదు, ఏ కన్నమూ లేదు.

"గురువారం దాకా నేనేమీ రాయను. మీ మేనేజరుకు మీరే చెప్పండి. ఆ పుస్తకం ఇవాళే చించేయండి. పదకొండు మందినీ కొత్త కార్డులు తీసుకోమనండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ ఆగి, "దురుద్దేశం లేదని నాకు తెలుసమ్మా. డబ్బు పోయినవాళ్ళకు మాత్రం రెండూ ఒకటే" అన్నారు.

జనవరి 28, మంగళవారం

పుస్తకాన్ని ఆఫీసులో కాగితాలు చించే మిషన్లో వేశాను. అట్ట పట్టలేదు, చేత్తో చించాను.

ఖాసింబీ రెండుసార్లు ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నానని మెసేజ్ పెట్టాను. మీటింగేమీ లేదు.

సాయంత్రం బాసిత్‌తో చెప్పాను. అంతా విని, "ఛే సౌ రియాల్ చుప్‌చాప్ డాల్ దేవ్. కిస్కో క్యా మాలూమ్?" అన్నాడు. మన డబ్బు గుట్టుగా వేసేయి, ఎవరికి తెలుస్తుంది అని. తప్పేముంది? ఆమె సీటు నిలబడుతుంది. బ్యాంకు వాళ్ళు తిరిగి ఇచ్చారని చెబుతాను. ఓబులయ్య దగ్గర నెమ్మదిగా తీసుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు. అందరూ సంతోషంగా ఉంటారు. నేను కూడా. ఇది అబద్ధం కాదు, సర్దుబాటు. ఇంట్లో రోజూ చేసేదే కదా. పెద్ద పెద్ద బ్యాంకులే చేస్తాయి. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదని రెండుసార్లు రాశాను. రెండోది కొట్టేయాలి.

జనవరి 29, బుధవారం

పొద్దున మెట్రోలో ఖాసింబీ వాయిస్ మెసేజ్ విన్నాను. గొంతు బొంగురుపోయింది.

"అక్కా, నాలుగు దినాలాయ దానితో మాట్లాడక. నేను తియ్యలేదు పెద్దమ్మా అని ఏడుస్తాండాది. రెండు దినాల్నుంచి అన్నం తినలా. ఇంగ నాకేం తోసడంల్యా. రేపు పొద్దున మా ఇంటి మేడమ్‌తో సెప్తా. మేడమ్ దాన్ని ఊరికి పంపిస్తాదేమో, పంపిస్తే పంపించనీ. నా దుడ్లక్కా అవి."

స్టేషన్లు దాటిపోతున్నాయి. నేను దిగాల్సింది కూడా దాటిపోయింది.

శుక్రవారం నేను ఆ పేరు చెప్పలేదు. చెప్పించాను. అవుననలేదు, కాదనలేదు అని గొప్పగా రాసుకున్నాను ఇక్కడే. ఆరు వందలు గుట్టుగా వేస్తే ఖాసింబీ సీటు నిలబడుతుంది. రెహానా మాత్రం ఆ గదిలో దొంగగానే ఉంటుంది, లేదా విమానం ఎక్కుతుంది. ఎవరికీ నష్టం లేదట!

ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చుని అక్కడి నుంచే ఫోన్ చేశాను. పక్కన మనుషులున్నారు. ఉండనీ.

"ఖాసింబీ, పైసలు రెహానా తియ్యలే. ఎవ్వరు తియ్యలే. నేనే తప్పు జేసిన. ఓబులయ్య ఫీజు నీ కార్డుతోని కట్టిన."

అవతల కుక్కర్ విజిల్ వినిపించింది.

"నువ్వా అక్కా?"

"నేనే. మేడమ్‌కు ఏం జెప్పకు. పోయి రెహానాకు జెప్పు ముందుగాల."

ఫోన్ పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఆఫీసుకు వెళ్ళగానే మేనేజరు మేడమ్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను, నోటుబుక్కు, గ్రూపు, అన్నీ. ఆమె చాలాసేపు నా పోస్టర్ వైపే చూసింది, అద్దంలోంచి కనిపిస్తుంది. హెచ్చరిక లేఖ ఇచ్చింది. ఉద్యోగం ఉంది. ఇకమీదట ఎవరి కార్డూ, ఎవరి ఫోనూ ముట్టుకోకూడదు, నోటితో మాత్రమే సాయం చేయాలి. తప్పు చెల్లింపు వెనక్కి రావడానికి పదిహేను రోజులు పడుతుందట. ఖాసింబీ గడువు రేపే.

ఓబులయ్యకు ఫోన్ చేశాను. "నా కార్డులో దుడ్లు తగ్గలేదని నేను సూసుకోనేలేదమ్మా. ఆయమ్మవి వాడుకుంటినా నేను! రేపు తెచ్చిస్తా. పాపమాయె" అన్నాడు. ఖాసింబీ కార్డుకు వాపసు వచ్చే డబ్బు తర్వాత అతనికి ఇస్తే, దాంతో తన ఫీజు కట్టుకుంటాడు.

గ్రూపు మూసేశాను. మూసేముందు అందరికీ ఒక మెసేజ్ పెట్టాను: నా వల్ల తప్పు జరిగింది, మీ కార్డులు మార్చుకోండి, రెహానా ఏ తప్పూ చేయలేదు. ముగ్గురు పర్వాలేదన్నారు. ఇద్దరు ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళనీ, వాళ్ళ హక్కు.

ఒళ్ళు తేలికైంది. సిగ్గుగానూ ఉంది, ఆకలిగానూ ఉంది. బగారన్నం వండాను.

జనవరి 30, గురువారం

నాలుగింటికి ఖాసింబీ వచ్చింది. ఓబులయ్య తన బండిలో దించి, డబ్బు చేతికిచ్చి, డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. ఏటీఎంలో ఆమే వేసుకుంది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

"రెహానా ఎట్లున్నది?" అన్నాను.

"అన్నం తినింది. నేను కాళ్ళు పట్టుకుంటి. నీకాడికొచ్చి మాట్లాడల్లంటే ఇంగా కొన్ని దినాలు పడతాదంట."

"పట్టనీ."

"నా మీద నాకే కోపమక్కా. దేనికని ఒక్క మాట అడగలేదే నేను నిన్ను? అడిగింటే పోయేదిగా."

నీ తప్పు లేదని చెప్పబోయాను. చెప్పలేదు. అది నా తప్పేనన్నాను.

క్యాంపస్‌లో ఎండ హాయిగా ఉంది, జనవరి ఎండ కదా. బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఫోను ఆమె చేతిలో, నా చేతులు నా ఒళ్ళో. ఇక్కడ నొక్కు, ఇక్కడ నీ పేరు, ఇప్పుడు కార్డు మీద నంబరు. ఎంత నెమ్మదిగా కొడుతుందో! రెండుసార్లు తప్పు పోయింది, పేజీ మొదటికొచ్చింది. నా వేళ్ళు దురద పెట్టాయి. నేనైతే ఈపాటికి ముగ్గురివి కట్టేసేదాన్ని. కట్టేసి, మళ్ళీ ఇంకెవరి కొంపో ముంచేదాన్ని.

కౌంటర్ మూసే వేళకు గడువు ముగుస్తుంది, ఇంకా పది నిమిషాలుంది. మూడోసారి అన్నీ సరిగ్గా పడ్డాయి. ఆమె ఫోను టింగుమంది. ఓటీపీ.

నాకు తెలియకుండానే చేయి చాపాను. "చెప్పు" అన్నాను.

ఖాసింబీ ఫోనును గుండెలకు అదుముకుంది. కోపం లేదు మొహంలో. ఒక్క క్షణం నా వైపు చూసింది.

"సెప్పనక్కా. రోంత అట్ల తిరుగు."

తిరిగాను. మొదట చురుక్కుమంది. పందొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఎవరూ నన్ను అలా తిరగమనలేదు. అటు పార్కింగులో తెల్ల బండ్లు వరసగా ఉన్నాయి, వాటినే లెక్కపెట్టాను. ఏడో బండి దగ్గర ఆ చురుకు పోయింది. నిజంగా సంతోషమేసింది, ఎందుకో రాయబోతే మాటలు రావడం లేదు. వెనక ఆమె గుసగుసగా అంకెలు పలుక్కుంటోంది. వినిపించకుండా గట్టిగా దగ్గాను.

"అయిపోయిందక్కా! పచ్చ టిక్కొచ్చింది! నేనే కడితిని!"

సీటు నిలబడింది. ఇద్దరం కరక్ చాయ్ తాగాం, డబ్బులు తనే ఇచ్చింది.

ఆ ఆరంకెలేమిటో నాకు తెలియదు.